కుడి ముంజేతి త్రిశూలం: ఒక కానిస్టేబుల్ అభ్యర్థి టాటూ తొలగింపు కేసు

అభ్యర్థి వయసు 21 ఏళ్ల 8 నెలలు. ఉమ్మడి నల్గొండ జిల్లాలోని ఒక మండల కేంద్రం. ఆయన్ని గుర్తుపట్టే వివరాలు తీసేశాం. కేంద్ర సాయుధ పోలీసు బలగాల కోసం స్టాఫ్ సెలక్షన్ కమిషన్ పెట్టే జీడీ (జనరల్ డ్యూటీ) కానిస్టేబుల్ రాతపరీక్ష పాసయ్యాడు. 5 కిలోమీటర్ల పరుగు 24 నిమిషాల లోపు ముగించాడు. ఎత్తు, ఛాతీ కొలతలు సరిపోయాయి. వైద్య పరీక్ష దగ్గర ఆగిపోయాడు. కాగితం మీద రాసిన కారణం ఒక్క లైను: కుడి ముంజేతి మీద టాటూ ఉంది, అన్‌ఫిట్.

రివ్యూ మెడికల్‌కి (రెండోసారి చేసే వైద్య పరీక్షకి) ఉన్న కొద్ది రోజుల్లో టాటూ పోవాలని, ఊరికి దగ్గరున్న పట్టణంలో ఒక బ్యూటీ సెంటర్‌కి వెళ్లాడు. అక్కడ రెండు సార్లు ‘లేజర్’ కొట్టారు. నిజానికి అది లేజర్ కాదు, వెంట్రుకలు తీసే ఐపీఎల్ (ఇంటెన్స్ పల్స్డ్ లైట్) యంత్రం. చేయి కాలి బొబ్బలెక్కింది. రివ్యూ బోర్డు ముందు నిలబడేసరికి టాటూ అలాగే ఉంది, దాని మీద పచ్చి పుండు అదనం. మళ్లీ అన్‌ఫిట్. మూడు నెలల తర్వాత తండ్రి, నాయనమ్మ వెంట రాగా మా క్లినిక్‌కి వచ్చాడు.

తండ్రి అడిగింది సూటిగా ఉంది: “సార్, రెండు చేతులు సాఫ్ చేసి ఇయ్యుండ్రి. ఒక్క మచ్చ గూడ కనపడొద్దు.”

అలా రెండు చేతులూ సాఫ్ చేయకపోవడమే ఈ కేసులో మేం తీసుకున్న ప్రధాన నిర్ణయం. నిబంధన ఏది వద్దంటుందో అంతవరకే తీయాలి. ఇంట్లో వాళ్ల సిగ్గు, చుట్టాల మాట, పెళ్లిచూపుల భయం ఎంత చర్మాన్ని కాల్చమంటే అంత కాల్చడం వైద్యం కాదు.

చేతుల మీద ఏముంది

కుడి ముంజేతి లోపలి వైపు మణికట్టుకి 3 సెంటీమీటర్ల పైనుంచి మొదలై 9 సెంటీమీటర్ల పొడవు, 4 సెంటీమీటర్ల వెడల్పున త్రిశూలం, ఢమరుకం. నల్ల సిరా దట్టంగా ఉంది. ఢమరుకం తాడుకి ఎరుపు. త్రిశూలం మొనల మీద మెరుపు కోసం సన్నగా తెల్ల సిరా గీతలు. షాపులో వేయించింది, నాలుగేళ్ల కిందటిది. దాని అడుగున ఇంకో కథ ఉంది. పదిహేనేళ్ల వయసులో జాతరలో వేయించుకున్న ఒక ఇంగ్లిష్ అక్షరాన్ని కప్పడానికే ఈ త్రిశూలం వేయించాడు. అంటే ఒకదాని మీద ఒకటి రెండు పొరల సిరా. మణికట్టు వైపు అంచున ఐపీఎల్ కాలిన చోట ఒకటిన్నర సెంటీమీటర్ల ఉబ్బు మచ్చ, గులాబీ రంగులో, దురదతో. దాని పక్కన రంగు పోయి పాలిపోయిన చర్మం.

ఎడమ ముంజేతి లోపలి వైపు ‘అమ్మ’ అని తెలుగులో చిన్న అక్షరాలు. పొడవు 3.2, వెడల్పు 1.4 సెంటీమీటర్లు.

ఎడమ చెవి తమ్మెకు 8 మిల్లీమీటర్ల టన్నెల్ రింగు, అంటే సాగదీసిన రంధ్రంలో పెట్టే బోలు రింగు. చిన్నప్పుడు రెండు చెవులూ కుట్టించారు. ఆ కుట్టునే ఇంటర్ చదివేటప్పుడు ఒక వైపు సాగదీసుకున్నాడు.

చర్మం ఫిట్జ్‌పాట్రిక్ కొలమానంలో 5వ రకం. ఆ కొలమానం చర్మాన్ని తెలుపు నుంచి నలుపు దాకా ఆరు రకాలుగా విడదీస్తుంది. తెలుగు నేల మీద ఎక్కువమందిది 4 లేదా 5. ఈ చర్మంలో రంగునిచ్చే మెలనిన్ ఎక్కువ కాబట్టి లేజర్ కాంతికి అదీ లక్ష్యమే. ఏ తరంగదైర్ఘ్యం, ఎంత శక్తి అన్నవి అన్నీ ఈ ఒక్క విషయం చుట్టూ తిరుగుతాయి.

నిబంధన నిజంగా ఏమంటుంది

టాటూ తీయించుకోవడానికి వచ్చే అభ్యర్థుల్లో చాలామంది నోటిఫికేషన్‌లోని టాటూ పేరా చదివి ఉండరు. కోచింగ్ సెంటర్‌లో ఎవరో చెప్పింది విని వస్తారు. లేజర్ ఆన్ చేసే ముందు ఆ పేరాను అభ్యర్థి చేత పైకి చదివించాలి.

కేంద్ర సాయుధ పోలీసు బలగాల వైద్య పరీక్షకు హోంశాఖ 2015 మే 20న ఇచ్చిన మార్గదర్శకాలు మూడు విషయాలు చూడమంటాయి. ఒకటి, ఏం రాసి ఉంది: సైన్యంలో అనుసరించినట్టే మతచిహ్నాలు, పేర్లు అనుమతిస్తారు. రెండు, ఎక్కడ ఉంది: ముంజేతి లోపలి వైపు ఉండొచ్చు, కానీ ఎడమ ముంజేతికే, ఎందుకంటే అది సెల్యూట్ కొట్టని చెయ్యి. అరచేతి వెనుక భాగాన్నీ అనుమతిస్తారు. మూడు, ఎంత ఉంది: శరీరంలోని ఆ భాగంలో నాలుగో వంతుకంటే తక్కువ ఉండాలి.

భారత సైన్యం నియమం వేరు. మోచేతి లోపలి మడత నుంచి మణికట్టు వరకు ముంజేతి లోపలి వైపున, అరచేతి వెనుక భాగాన టాటూ ఉంటే అనుమతి. కుడి ఎడమల తేడా లేదు. గిరిజన సంప్రదాయం ప్రకారం ముఖం మీదో ఒంటి మీదో ఉన్న పచ్చబొట్లకు ప్రత్యేక మినహాయింపు ఉంది.

కాబట్టి ఇదే త్రిశూలం, ఇదే చోట, సైన్యానికి అడ్డం కాదు. కానిస్టేబుల్ ఉద్యోగానికి అడ్డం. ఇతను ఆ ఏడాది ఆర్మీ ప్రకటనలోని వయోపరిమితి దాటేశాడు. ఓబీసీ రిజర్వేషన్‌లో మూడేళ్ల సడలింపు కలుపుకుంటే జీడీ కానిస్టేబుల్‌కి 26 దాకా సమయం ఉంది. అందుకే దారి ఒక్కటే మిగిలింది: కుడి చేతి టాటూ పోవాలి. ఎడమ చేతి ‘అమ్మ’ మూడు షరతులకీ సరిపోతుంది. దాని జోలికి పోనక్కర్లేదు.

నాలుగో వంతు లెక్క ఎలా చూస్తామంటే, పారదర్శక షీట్ టాటూ మీద పెట్టి అంచులు గీసి, గ్రాఫ్ కాగితం మీద గళ్లు లెక్కిస్తాం. ముంజేతి పొడవు, చుట్టుకొలత టేపుతో తీస్తాం. ‘ఆ భాగం’ అంటే ముంజేయి మొత్తమా, లోపలి వైపు మాత్రమేనా అన్నది ఒక్కో బోర్డు ఒక్కోలా చదవొచ్చు. అందుకే లోపలి వైపు వైశాల్యంతోనే లెక్క వేసి, అందులోనూ నాలుగో వంతుకి బాగా తక్కువుంటేనే అలా వదిలేయమంటాం. ఇతని ‘అమ్మ’ దరిదాపుల్లో కూడా లేదు.

ఈ మాట తండ్రికి ఒప్పించడానికి లేజర్ కంటే ఎక్కువ ఓపిక పట్టింది. ఆయన అభ్యంతరం రూలు గురించి కాదు. “చేతుల మీద బొమ్మలేసుకున్నోడు మంచోడైతడా అని చుట్టాలంటుండ్రు” అన్నాడు. పక్కన కూర్చున్న నాయనమ్మ రెండు ముంజేతుల నిండా పచ్చబొట్టే. చుక్కలు, తులసికోట, పేరు. ఆమె తన చెయ్యి మనవడి చెయ్యి పక్కన పెట్టి, “నాది పచ్చనే, వానిది పచ్చనే. చచ్చినంక వెంటొచ్చేది గిదొక్కటే బిడ్డా” అంది. ఎడమ చేతి విషయంలో వాదన అక్కడితో ముగిసింది.

ఆమె మాటను పాతకాలపు నమ్మకంగా కొట్టిపారేయకూడదు. పచ్చ పొడిచే ఎరుకల స్త్రీలు ఊరూరా తిరిగిన రోజుల్లో పచ్చబొట్టు లేని ఆడపిల్ల చెయ్యి బోసిగా కనిపించేది. ఆదిలాబాద్ గోండు స్త్రీలకు ‘తోటి’ తెగ స్త్రీలు పచ్చబొట్లు పొడిచేవారు. చంటిబిడ్డకు చెవులు కుట్టించి విందు పెట్టే సమాజమే, పద్దెనిమిదేళ్లవాడు తన డబ్బుతో తన చెవికి ఇంకో రంధ్రం వేయించుకుంటే పాడైపోయాడంటుంది. సూది ఒకటే, సిరా దిగే లోతు ఒకటే. పెద్దలు వేయిస్తే ఆచారం, పిల్లలు వేయించుకుంటే తప్పు. క్లినిక్‌లో కూర్చునేవాళ్లు ఈ తేడా గమనించకపోతే సమాజం తీర్పునే వైద్య సలహాగా ఇచ్చేస్తారు.

ఐపీఎల్ ఎందుకు కాల్చింది

టాటూ సిరా చర్మం పై పొరలో ఉండదు. ఒకటి రెండు మిల్లీమీటర్ల లోతున డెర్మిస్ అనే లోపలి పొరలో, మాక్రోఫేజ్ అనే రక్షక కణాలు మింగి పట్టుకున్న రేణువులుగా ఉంటుంది. ఆ కణం చనిపోతే వదిలిన సిరాను పక్క కణం పట్టుకుంటుందని 2018లో ఎలుకల మీద చేసిన పరిశోధన చూపించింది. టాటూ జీవితాంతం నిలిచేది అందుకే.

రేణువులు ఎంతో సూక్ష్మం కాబట్టి అవి వేడెక్కి చల్లారే సమయం సెకనులో వందకోట్లో వంతు లెక్కలో ఉంటుంది. కాంతి దెబ్బ అంతకంటే పొడుగ్గా ఉంటే, వేడి రేణువులో ఆగకుండా చుట్టుపక్కల చర్మంలోకి పాకుతుంది. ఆండర్సన్, పారిష్ 1983లో చెప్పిన సూత్రం ఇదే. టాటూలు తీసే క్యూ-స్విచ్డ్ లేజర్ దెబ్బ 5 నుంచి 10 నానోసెకన్లు (సెకనులో వందకోట్లో వంతు ఒక నానోసెకను). ఐపీఎల్ దెబ్బ మిల్లీసెకన్లలో. అంటే లక్షల రెట్లు పొడుగు. రేణువు పగలదు, చర్మం ఉడుకుతుంది. పైగా ఐపీఎల్ కాంతిలో మెలనిన్ బాగా పీల్చుకునే తరంగాలు కలిసి ఉంటాయి. నల్ల చర్మం మీద నల్ల టాటూకి ఐపీఎల్ వాడడం కాల్చడమే.

సున్నం-సోడా ముద్ద, జీడి రసం, యాసిడ్, ఉప్పుతో రుద్దడం, ఆన్‌లైన్‌లో అమ్మే ‘రిమూవల్’ క్రీములు, ఇవన్నీ పై పొరను తినేసి మచ్చ మిగులుస్తాయి. సిరా కింద అలాగే ఉంటుంది. ఆ మచ్చ లేజర్ పనిని కూడా కష్టం చేస్తుంది. వెళ్లే ముందు అడగాల్సిన ప్రశ్నలు మూడే: యంత్రం క్యూ-స్విచ్డా, పికోనా (ఇంకా చిన్న దెబ్బల లేజర్)? తరంగదైర్ఘ్యం ఎంత? ముందు టెస్ట్ స్పాట్ (చిన్న చుక్క మీద పరీక్ష) వేస్తారా? జవాబు తడబడితే లేచి రావాలి.

లెక్క: ఎన్ని సిట్టింగులు

2009లో వచ్చిన కిర్బీ-దేశాయ్ స్కేలు వాడాం. ఆరు అంశాలకు మార్కులేసి కూడితే వచ్చే సంఖ్య ఇంచుమించు సిట్టింగుల సంఖ్య. చర్మం రకానికి 5. చోటుకి 5, ఎందుకంటే గుండెకు దూరమయ్యేకొద్దీ రక్తం, లసిక (లింఫ్ ద్రవం) ప్రసరణ తగ్గి సిరా తొలగడం నెమ్మదిస్తుంది. ముంజేయి, పిక్కలకు ఎక్కువ మార్కులు పడతాయి. రంగులకు 2: ఎక్కువ నలుపు, కొంత ఎరుపు. సిరా మోతాదుకి 3. మచ్చకి 1. పొరల మీద పొరకి 2. మొత్తం 18.

పద్దెనిమిది సిట్టింగులు, ఎనిమిదేసి వారాల ఎడం. రెండున్నర ఏళ్లకు పైమాట. ఈ లెక్క మొదటి రోజే కాగితం మీద రాసి చేతికివ్వాలి. ‘ఆరు సిట్టింగుల్లో గ్యారంటీ’ అని ప్యాకేజీ అమ్మే చోట్ల నుంచి సగంలో వచ్చేవాళ్లే మాకు ఎక్కువ. ఇటలీ వైద్యులు 352 మందిని పరిశీలించి 2012లో ప్రచురించిన ఫలితాల్లో 10 సిట్టింగుల తర్వాత టాటూ పోయినవాళ్లు 47.2 శాతం, 15 తర్వాత 74.8 శాతం. పొగ తాగేవాళ్లలో పదో సిట్టింగు నాటికి పోయే అవకాశం సుమారు 70 శాతం తగ్గింది. ఇతను రోజుకి అరపెట్టె కాల్చేవాడు. మానేస్తేనే మొదలుపెడదామన్నాం. మానేశాడు. మా అంచనా 18 అయినా 11కే పని చాలా వరకు ముగియడంలో దానికి భాగం ఉంది.

కోసి తీసేయడం గురించీ ఆలోచించాం. వెడల్పు రెండు సెంటీమీటర్ల లోపు ఉంటే ముంజేతి మీద చర్మం దగ్గరికి లాగి కుట్టొచ్చు, ఒక గీత మచ్చతో పోతుంది. నాలుగు సెంటీమీటర్లకు దశలవారీగా రెండు మూడు సార్లు కోయాలి, లేదా చర్మం అతికించాలి. ఇప్పటికే ఒక ఉబ్బు మచ్చ లేచిన చేతి మీద ఆ సాహసం వద్దనుకున్నాం. 2022లో ఢిల్లీ హైకోర్టు కుడి చేతి టాటూ వల్ల తిరస్కరించిన ఒక అభ్యర్థికి, దాన్ని తీయించుకుని కొత్త మెడికల్ బోర్డు ముందుకి వెళ్లే వెసులుబాటు ఇచ్చింది. ఇలాంటి తీర్పులు చూపించి ‘వారం పది రోజుల్లో తీసేయండి’ అంటూ వస్తారు. చిన్న టాటూకి శస్త్రచికిత్సతో అది కుదురుతుంది. లేజర్‌తో కుదరదు.

మొదలుపెట్టే ముందు

జాతరలో వేయించింది ఉంది కాబట్టి సమ్మతితో హెపటైటిస్ బి, హెపటైటిస్ సి, హెచ్‌ఐవీ పరీక్షలు చేయించాం. జాతర బండి మీద సూది మార్చినా సిరా గిన్నె మార్చరు. ఒకరి రక్తం ఆ గిన్నె ద్వారానే ఇంకొకరికి చేరుతుంది. అన్నీ నెగటివ్ వచ్చాయి. హెపటైటిస్ బి టీకా మొదలుపెట్టించాం.

ఉబ్బు మచ్చ అణిగేదాకా దాని మీద లేజర్ వేయలేదు. ట్రయామ్సినలోన్ అనే స్టెరాయిడ్ మిల్లీలీటరుకు 10 మిల్లీగ్రాముల సాంద్రతతో మచ్చలోకే ఇంజెక్షన్, నాలుగేసి వారాల ఎడంతో మూడు సార్లు. రోజూ రాత్రి సిలికాన్ జెల్. మూడో ఇంజెక్షన్ తర్వాత మచ్చ చదునైంది, దురద పోయింది.

ఈలోగా టెస్ట్ స్పాట్లు వేశాం. నలుపు మీద 1064 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం, 4 మిల్లీమీటర్ల స్పాట్, చదరపు సెంటీమీటరుకు 2.5, 3.0, 3.5 జూళ్లు చొప్పున మూడు చుక్కలు. 3.0 దగ్గర సమమైన తెల్లని పొంగు వచ్చింది, రక్తం చుక్క రాలేదు. ఎరుపు మీద 532 నానోమీటర్లతో ఒక చుక్క. తెల్ల గీత మీద 1064తో ఒక చుక్క.

ఆ తెల్ల గీత దగ్గర జరిగింది టాటూ వేయించుకునేవాళ్లంతా తెలుసుకోవాలి. లేజర్ తగిలిన క్షణంలో తెలుపు బూడిద-నలుపుకి తిరిగింది. తెల్ల సిరాలో టైటానియం డయాక్సైడ్ ఉంటుంది. లేజర్ శక్తికి దాని రసాయన స్థితి మారి రంగు ముదురుతుంది. చర్మం రంగు, లేత గులాబీ, పెదవి రంగు సిరాల్లోని ఐరన్ ఆక్సైడ్ కూడా ఇలాగే నల్లబడుతుంది. శాశ్వత లిప్‌స్టిక్, కనుబొమల టాటూలు లేజర్‌తో తీయబోయి ముఖం మీద నల్ల గీతలు తెచ్చుకునేది దీనివల్లే. ఇక్కడ ముంజేయి కాబట్టి నల్లబడిన గీతను తర్వాతి సిట్టింగుల్లో మామూలు నలుపులాగే 1064తో కొట్టాం. మూడు సార్లకు పోయింది. టెస్ట్ వేయకుండా మొత్తం మీద కొట్టి ఉంటే మొదటి రోజే టాటూ మరింత ముదిరేది, కుటుంబం నమ్మకం పోయేది.

సిట్టింగు ఎలా నడిచింది

లిడోకైన్-ప్రిలోకైన్ మత్తు క్రీము పలుచగా కాదు, మందంగా రాసి, ప్లాస్టిక్ ఫిల్మ్ చుట్టి 60 నిమిషాలు. తర్వాత పూర్తిగా తుడిచి, సబ్బు నీళ్లతో కడిగి ఆరనివ్వాలి. స్పిరిట్ రాసి ఆరకముందే లేజర్ వేస్తే మంట అంటుకునే ప్రమాదం ఉంది. గదిలో ఉన్న ప్రతి ఒక్కరికీ 1064, 532 రెండింటికీ పనికొచ్చే కళ్లద్దాలు. నల్ల కూలింగ్ గ్లాసులు పనికిరావు. సిరా తునకలు, చర్మపు తుంపరలు ఎగురుతాయి కాబట్టి ఎన్95 మాస్కు, పొగ పీల్చే గొట్టం. చల్లని గాలి నిరంతరం.

మొదటి సిట్టింగులో శక్తి తక్కువ పెట్టడం ముఖ్యం. సిరా దట్టంగా ఉన్నప్పుడు కొద్ది శక్తికే పెద్ద పేలుడు జరుగుతుంది. 4 మిల్లీమీటర్ల స్పాట్, 3.0 జూళ్లు, 6 నానోసెకన్లు, ఒకే ఒక్క పాస్ (టాటూ అంతటా ఒక్కసారి), చుక్కకి చుక్కకి పదో వంతు కలిసేలా. తెల్లని పొంగు సిరా రేణువు చుట్టూ పుట్టిన ఆవిరి బుడగలు; 15, 20 నిమిషాల్లో తగ్గుతుంది. అది తగ్గకముందు మళ్లీ కొడితే కాంతి చెదిరిపోతుంది, లోపలికి దిగదు. ఒకే రోజు 20 నిమిషాల ఎడంతో నాలుగు పాస్‌లు వేసే పద్ధతి 2012 నుంచి వాడుకలో ఉంది, సిట్టింగులు తగ్గుతాయి. 5వ రకం చర్మం మీద, మచ్చ లేచే స్వభావం తెలిశాక, మేం దాన్ని వాడలేదు. ఆరో సిట్టింగు నుంచి మాత్రం రెండు పాస్‌లు వేశాం.

సిరా పలుచబడేకొద్దీ తెల్లని పొంగు రావడానికి శక్తి పెంచాల్సి వస్తుంది. ఎనిమిదో సిట్టింగు నాటికి 3 మిల్లీమీటర్ల స్పాట్‌తో 5.5 జూళ్లు. ఎరుపు తాడుకి 532తో 3 మిల్లీమీటర్ల స్పాట్, 1.2 జూళ్లు, అదీ నాలుగు సిట్టింగులే. 532 కాంతిని మెలనిన్ గట్టిగా పీల్చుకుంటుంది కాబట్టి నల్ల చర్మం మీద రంగు పోతుందన్న భయం ఎప్పుడూ ఉంటుంది. ఇక్కడ రెండు చోట్ల పోయింది. తాడు వెంబడి బియ్యపుగింజంత పాలిపోయిన మచ్చలు మిగిలాయి. ఏడాది తర్వాత ఒకటి కలిసిపోయింది, ఒకటి ఉంది.

ఎడం విషయంలో రాజీపడలేదు. నాలుగు వారాలకే రమ్మని అడిగేవాళ్లు ఉంటారు. పగిలిన సిరాను మాక్రోఫేజ్‌లు మోసుకెళ్లడానికి సమయం కావాలి. ఆ పని శరీరానిది, లేజర్‌ది కాదు. తొందరపడి కొడితే మానని చర్మం మీద దెబ్బ పడుతుంది. ఎనిమిది వారాలు కనీసం.

ఇంటి దగ్గర ఏం తప్పింది

రెండో సిట్టింగు తర్వాత రోజు బొబ్బలొచ్చాయి. 24 నుంచి 48 గంటల్లో బొబ్బ రావడం మామూలే. దాని పైచర్మమే కట్టు, పీకకూడదు. పెద్దదైతే శుభ్రమైన సూదితో పక్కన పొడిచి నీరు దించి, పైపొర అలాగే ఉంచాలి. ఇంట్లో వాళ్లు పసుపు పెట్టారు. మంచి ఉద్దేశమే. కానీ వంటింటి పసుపు స్టెరైల్ కాదు, పుండు మీద పేరుకుని పక్కులా గట్టిపడుతుంది, కింద చీము పట్టినా కనపడదు. మూడో రోజు ఫొటో పంపించాడు కాబట్టి త్వరగా తెలిసింది. సెలైన్‌తో తడిపి మెల్లగా తీసి, మ్యుపిరోసిన్ (యాంటీబయాటిక్) పూత, పుండుకి అంటుకోని గాజ్ గుడ్డ, రోజుకి ఒకసారి కట్టు. అయిదు రోజుల్లో మానింది. అప్పటి నుంచి కాగితం మీద పెద్దక్షరాలతో రాసిచ్చాం: వాసెలిన్ తప్ప ఇంట్లో ఏదీ రాయొద్దు. పసుపు, టూత్‌పేస్ట్, కొబ్బరినూనె, నెయ్యి వద్దు.

రెండో చిక్కు పరుగు. ఉద్యోగం కోసం పరుగు ఆపలేడు, చెమట, దుమ్ము, ఎండ పుండుకి పడవు. సిట్టింగు తర్వాత అయిదు రోజులు మైదానం బంద్. తర్వాత తెల్లవారకముందే పరుగు, వదులుగా ఉండే పూర్తి చేతుల కాటన్ చొక్కా. తోలు మానాక ఎస్పీఎఫ్ 30కి తగ్గని సన్‌స్క్రీన్. నాలుగో సిట్టింగు వేసవిలో పడింది. లేజర్ వేసిన చోటంతా నల్లగా కమిలింది. అది సిరా కాదు, మెలనిన్. తండ్రి కంగారుపడ్డాడు. తర్వాతి సిట్టింగు నాలుగు వారాలు వెనక్కి జరిపి, ఎండ తగలనివ్వకుండా చూసి, కమిలిన రంగు తగ్గాకే కొట్టాం. కమిలిన చర్మం మీద లేజర్ వేస్తే మెలనిన్ కాంతిని మింగేసి పైచర్మం కాలుతుంది.

ఎరుపు సిరా ఉన్న టాటూ అంతకుముందే ఉబ్బి దురద పెడుతుంటే మాత్రం క్యూ-స్విచ్డ్ లేజర్ జోలికి వెళ్లకూడదు. అది సిరాకి అలర్జీ. రేణువులు పగిలి రక్తంలో కలిస్తే ఒళ్లంతా అలర్జీ రావచ్చు. ఇతనికి ఆ లక్షణం లేదు, అయినా ఎరుపు కొట్టిన ప్రతిసారీ అరగంట కూర్చోబెట్టాం.

చెవి

చెవి రంధ్రాన్ని కూడా ముడుచుకునేలా చేశాం. టన్నెల్ 8 మిల్లీమీటర్లది కాబట్టి కోత లేకుండా ప్రయత్నించాం. 8 నుంచి 6కి, 6 నుంచి 4కి, నెలకో మెట్టు చొప్పున తగ్గించి, తర్వాత పూర్తిగా తీసేసి తమ్మెకు రోజూ నూనె మర్దన. మూడు నెలల్లో సన్నని నిలువు గీతలా ముడుచుకుంది. 10, 12 మిల్లీమీటర్లు దాటితే చాలావరకు దానంతట అది మూసుకోదు, తమ్మెను కత్తిరించి కుట్టాలి. చెవి పైభాగం మృదులాస్థిలో కుట్టించుకున్న రంధ్రాలు వేరే లెక్క: అక్కడ చీము పడితే చెవి ఆకారమే మారుతుంది, కెలాయిడ్ (గాయం హద్దు దాటి పెరిగే మచ్చ) కూడా లేవొచ్చు. ఇతనికి అవేవీ లేవు.

బోర్డు ముందుకి పంపిన ఫైలు

పదకొండు సిట్టింగుల తర్వాత మామూలు వెలుతురులో రెండడుగుల దూరం నుంచి టాటూ గుర్తుపట్టలేని స్థితి. దగ్గరగా చూస్తే మూడు మొనల ఛాయ, మణికట్టు వైపు పాలిపోయిన మచ్చ. జాతర అక్షరం అడుగున కాస్త మొండిగా నిలిచింది. అక్కడ సిరా లోతుగా, గుట్టగా దిగింది కాబట్టి పదో సిట్టింగు దాకా ఆగింది. ఇంకో రెండు సిట్టింగులు వేస్తే ఛాయ కూడా తగ్గేది. నోటిఫికేషన్ వచ్చేసింది. అప్పుడే మానిన ఎర్ర చర్మంతో బోర్డు ముందుకి వెళ్లకూడదు, వైద్య పరీక్షకి కనీసం మూడు నెలల ముందు చివరి సిట్టింగు అయిపోవాలన్నది మా నియమం. ఆపేశాం.

ఫైల్‌లో పెట్టినవి: మొదటి రోజు, ప్రతి సిట్టింగు, చివరి రోజు ఫొటోలు, ప్రతి దానిలో స్కేలు పక్కన పెట్టి, ఒకే వెలుతురులో. సిట్టింగుల తేదీలు. చివరి పరీక్షలో కుడి ముంజేతి మీద టాటూ రూపం లేదని, తొలగింపు వల్ల మిగిలిన రంగు తేడా ఇన్ని సెంటీమీటర్లని, మచ్చ చదునుగా ఉందని, మణికట్టు, వేళ్ల కదలికలకు ఏ ఆటంకమూ లేదని రిజిస్టర్డ్ డాక్టర్ సంతకం, రిజిస్ట్రేషన్ నంబరుతో. ఎడమ చేతి టాటూ పొడవు, వెడల్పు, ముంజేతి కొలతలు విడిగా. ఇది బోర్డును కట్టడి చేసే సర్టిఫికెట్ కాదు, నిర్ణయం వాళ్లదే. కానీ ‘ఇదేంటి’ అన్న ప్రశ్నకు అభ్యర్థి తడబడకుండా కాగితం జవాబు చెప్తుంది. ఎడమ చేతి ‘అమ్మ’ను దాచవద్దని, అడగకముందే చూపించమని చెప్పాం.

వైద్య పరీక్షలో కుడి చేతి మీద పాత టాటూ తొలగించిన గుర్తు అని, ఎడమ చేతి మీద అనుమతించదగిన టాటూ అని రాశారు. ఫిట్. శిక్షణకు వెళ్లే ముందు ఒకసారి చూశాం: ఉబ్బు మచ్చ తిరిగి లేవలేదు, ఎరుపు తాడు దగ్గర పాలిపోయిన గింజ అలాగే ఉంది. కుడి చేతికి సన్‌స్క్రీన్ ఇంకో ఆరు నెలలు కొనసాగించాలని, మచ్చ మళ్లీ దురద పెడితే గోకకుండా సిలికాన్ జెల్ మొదలుపెట్టి ఫొటో పంపమని చెప్పి పంపాం.